కల్లు తాగిన కంచు మావయ్య

మొలలోంచి జారిన సీసపు గుండు రాతి చీలికలో పడి ఖంగుమని మోగింది. కల్లు కుండ వంచుతున్న సూరాడ ఎల్లాజీ చెయ్యి అక్కడే ఆగిపోయింది. వలకు కట్టే గుండు రాయి మీద పడితే అలా మోగుతుందా? లోపల లోహం ఉంది!

తొండకొండ నెత్తిన ఉన్న ఆ చీలికను నీలాలపాలెం జాలర్లు పోతురాజు నోరంటారు. గంగమ్మ తల్లికి తమ్ముడు పోతురాజు. తమ్ముడి దాహం తీరిస్తే అక్క చల్లగా చూస్తుందని, ఏటా వేట మొదలయ్యే ముందు అందులో కుండెడు కల్లు పోస్తారు. తాతముత్తాతల నాటి నుంచీ పోస్తూనే ఉన్నారు. ఇంత కల్లూ ఎక్కడికి పోతోందని ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు!

ఎల్లుండి ఆ కొండను క్వారీవాళ్లు పేల్చబోతున్నారు. కొండ అడ్డం ఉండబట్టే దక్షిణపు గాలికి పడవలు పగలకుండా నిలుస్తున్నాయి. కొండ పోతే ఊరికి రేవు లేదు, ఎల్లాజీకి బతుకూ లేదు. ఎల్లాజీ పరుగున వెళ్లి గుండు మోగిన సంగతి చెప్పాడు. "లోపల పాత విగ్రహం ఉందని రుజువు దొరికితే పేలుడు నేను ఆపిస్తాను," అంది పురావస్తు అధికారి వేదవతి.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ కొండెక్కారు. కత్తితో తుప్పలు నరుకుతూ ముందు ఎల్లాజీ, భుజాన మోకు చుట్టతో అతని అక్క ముత్యాలు, వెనక రొప్పుతూ వేదవతి. చీలికకు కాస్త దిగువన ఒక ముళ్లపంది బొరియ దగ్గర ఎల్లాజీ ఠక్కున ఆగాడు. లోపలి నుంచి చల్లగాలి, దాంతోపాటు పులిసిన వాసన.

"ఇదే దారప్పా! నా ముక్కు అబద్దమాడదు!"

"కల్లు కాడ నీ ముక్కు ఎప్పుడబద్దమాడింది గనక!" చురక అంటించింది ముత్యాలు.

రాళ్లు పెకలించి, చెట్టుకు మోకు కట్టి, ఒకరి వెనక ఒకరు దిగారు. గబ్బిలాలు మొహాల మీదుగా బర్రున లేచిపోయాయి. పాచి పట్టిన రాళ్ల మీద కాలు నిలవడం లేదు. ఎక్కడో కింద సముద్రం హోరు. వేదవతి టార్చి వెలుగు ఒక రాతి అరుగు మీద పడింది.

నిలువెత్తు కంచు మనిషి! ఉంగరాల గడ్డం, పిడికిట త్రిశూలం, కాలి కింద చేప.

"ఓలమ్మో! ఈడికి మొలకి గుడ్డైనా నేదేటి!" ముత్యాలు మొహం తిప్పేసుకుంది.

"ఇటలీలో పోత పోసింది. నాలుగు వందల ఏళ్ల పైమాటే," అంది వేదవతి. "వాళ్ల సముద్ర దేవుడు. ఏ ఓడో ఇక్కడ పగిలితే మీ పెద్దలు మోసుకొచ్చి దాచి ఉంటారు." ఆమె విగ్రహం భుజం తడిమింది. వేలికి పచ్చటి పొడి అంటింది. చీలిక కింద ఉన్న ఆ భుజంలో పిడికిలి పట్టేంత బెజ్జం. "కల్లు పులిసి కంచును తినేస్తోంది ఎల్లాజీ."

ఎల్లాజీకి చెంప మీద కొట్టినట్టయింది. "పేమగా పోసి పోసి ఈయన్ని సంపేత్తన్నామా!" అన్నాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి.

అంతలో కొండ దద్దరిల్లింది. రేపటి దాకా ఆగుతామన్నవాళ్లు పక్క వాలులో ముందే మందు పెట్టారు! పై నుంచి బండలు దొర్లి దిగిన దారి మూసుకుపోయింది. తెగిన మోకు వచ్చి కాళ్ల దగ్గర పడింది. ఇక మిగిలింది కింద సముద్రం వైపున్న గుహ నోరొక్కటే. అందులో పోటు నీళ్లు అప్పటికే నడుం లోతున పొంగుతున్నాయి.

"నాకు ఈత రాదు!" అరిచింది వేదవతి.

"నాకొచ్చు కదా మేడమ్, సాలదేటి?" అన్నాడు ఎల్లాజీ.

"మరి రుజువు? ఫోను నీళ్లలో బతకదు. విగ్రహం లేకుండా ఎవరు నమ్ముతారు?"

ఆ బరువును మోసుకుపోతే ముగ్గురూ దానితోపాటే అడుక్కి పోతారు. ముత్యాలు ధైర్యం చేసి త్రిశూలం పట్టుకుని ఊపింది. అది పిడికిట్లో కదిలింది. "ఇది ఊడొత్తాదిరా!"

"విడిగా పోసి దూర్చారు! కింద పోత పోసినవాళ్ల ముద్ర కూడా ఉంది. ఇది చాలు!" అంది వేదవతి.

ఎల్లాజీ కంచు పాదం ముట్టి కళ్లకద్దుకున్నాడు. "గంగమ్మ మాకు తల్లయితే నువ్వు మావయ్యవి. నీ సూలం అరువియ్యి, మళ్లీ తెచ్చిత్తాను."

ముగ్గురి నడుములకూ మోకు బిగించి నీళ్లలోకి దిగారు. గుహ నోటి దగ్గర అల విరుచుకుపడి వెనక్కి ఈడ్చింది. వేదవతి మునిగిపోయింది. ఎల్లాజీ బలంకొద్దీ త్రిశూలాన్ని రాతి సందులో పొడిచాడు. మూడు మొనలూ కరుచుకున్నాయి. "అట్టుకో అప్పా, వదలకు!" అల తగ్గగానే వేదవతిని పైకి లాగి, త్రిశూలం పీకి, మరో సందులో పొడిచి, అలా అంగలంగలుగా బయటపడ్డారు.

తడి బట్టలతోనే వేదవతి క్వారీ ముందు త్రిశూలం పాతి నిలబడింది. ఆ సాయంత్రానికే పేలుడు ఆపమని ఉత్తర్వు వచ్చింది. విగ్రహాన్ని కదిలిస్తే విరుగుతుందని, ఉన్నచోటే ఉంచి కాపాడాలని ఆమే రాసింది. పరీక్షలు ముగిశాక ఎల్లాజీ సముద్రం వైపు నుంచి మళ్లీ గుహలోకి వెళ్లి త్రిశూలాన్ని మావయ్య పిడికిట్లో దూర్చి వచ్చాడు.

మరుసటి ఏడు వేటకు ముందు ఊరంతా చీలిక చుట్టూ చేరింది. ఎల్లాజీ కుండ ఎత్తాడు కానీ వంచలేదు.

"మావయ్యా, ఇది నీ ఒంటికి పడదు. ఇకమీదట నీ వాటా నాది," అని గటగటా తాగేశాడు. బాగా పులిసిన కల్లుకు గొంతు భగ్గున మండింది.

"అమ్మో! ఇన్నాళ్లూ దీన్నెలా ఓర్చుకున్నావు మావయ్యా!" అంటూ మూతి తుడుచుకుని, కొండ చాటున నిలిచిన పడవను నీళ్లలోకి తోయడానికి గబగబా దిగిపోయాడు.