చేపబావ, పాకుడు రాళ్లు

తూర్పు కొండల నడుమ నాగులవలస అనే రాజ్యం ఉండేది. ఒక చివర మేక అరిస్తే మరో చివర వినబడేది, అంతే రాజ్యం. అక్కడి స్నానాల నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు, పశువుల కొట్టాల నీళ్లు ఒక గుంటలో నిలిచి కంపుకొట్టేవి. ఆ కంపు పడలేక సింహాద్రి అనే కుర్రవాడు గుంటకు గండి కొట్టి మురుగంతా ఏట్లోకి వదిలేశాడు. ఏటి చేపలన్నీ చచ్చి తేలాయి.

ఏటి దేవత కోపంతో పైకి వచ్చి అతణ్ణి చేపగా మార్చింది. "మీ మురుగు బాగుపడి, అందులో నువ్వు ఈదిన నాడే మళ్లీ మనిషివి" అని మునిగిపోయింది.

అతణ్ణి పెళ్లాడవలసిన మేనమరదలు పారమ్మ ఆ చేపను ఊటనీళ్ల కుండలో వేసింది. అయినా చేప రోజురోజుకూ చిక్కిపోతోంది. చూస్తూ ఊరుకోలేక, మురుగు బాగుచేసే దారి వెతుక్కుంటూ, కుండ నెత్తిన పెట్టుకుని అడవిలోకి నడిచింది.

"మెల్లగా నడవే పిల్లా, కడుపులో తిప్పుతోంది" అన్నాడు కుండలోంచి బావ.

"గండి కొట్టినప్పుడు తిప్పలేదా?" అంది పారమ్మ.

దారికి బురదమడుగు అడ్డమొచ్చింది. అడుగేస్తే చాలు, నీళ్లు కలకబారుతున్నాయి. గట్టు మీది ముసలి తాబేలు కళ్లు తెరవకుండానే, "కదలకమ్మా. బరువైనదంతా దానంతటదే దిగుద్ది" అంది. పారమ్మ పొద్దు వాలేదాకా నిలబడింది. మడ్డి దిగి, అడుగున రాతిమెట్లు కనిపించాయి.

ఆవల తుంగ ఆమె చెంగు పట్టుకుంది. దాని వేళ్లు తెగుతాయని లాగకుండా, ఒక్కో పోచనే విడిపించింది. "మమ్మల్నీ తీసుకుపో. మురుగంటే మాకు పరమాన్నం" అంది తుంగ. పారమ్మ ఒక దుబ్బును నడుముకు కట్టుకుంది.

చివరికి రాళ్ల మీదుగా దూకే వాగు దగ్గర ఒక రాక్షసి కనిపించింది. "నా పాకుడు గోకావో, మింగేస్తా!" అని అరిచి, వెంటనే ఏడ్చేసింది. "ఈ రాళ్లను పట్టిన వీళ్లంతా నా పిల్లలు. మురికే వీళ్ల తిండి. ఈ అడవిలో మురికెక్కడిది? పస్తులుంటున్నారు."

"మా ఊళ్లో కావలసినంత. పంపమ్మా, నేను చూసుకుంటా."

"గాలి తగలనివ్వు. ఎండనివ్వకు" అని రాక్షసి పాకుడు రాళ్లు తడిగుడ్డలో మూటకట్టి ఇచ్చింది.

ఊరు చేరగానే పారమ్మ మురుగు పారే దారిలో మడ్డి దిగేందుకు గుంట తవ్వింది. దాని దిగువన మెట్లుమెట్లుగా పాకుడు రాళ్లు పేర్చి, ఆ కింద తుంగ నాటింది. నీళ్లు తేటపడసాగాయి. ఇంతలో శుక్రవారం వచ్చింది. ఆ రోజు ఇంటా బయటా ప్రతిదీ బూడిదతో తోమడం నాగులవలస ఆచారం. కొడుకు మీది బెంగతో సింహాద్రి తల్లి బంగారమ్మ ఆ రాళ్లన్నీ తళతళలాడేలా తోమేసింది. సాయంత్రానికి మళ్లీ కంపు. కుండలో చేప పక్కకు ఒరిగిపోయింది.

"నా చేతులతోనే చంపుకున్నానే!" అని బంగారమ్మ కూలబడింది.

"ఊరుకో అత్తా. శుభ్రం చేయడం కూడా తప్పవుతుందని ఎవరు చెప్పారు నీకు?" అంటూ పారమ్మ రాళ్లన్నీ తిరగేసింది. ఒక్కదాని అడుగున, బూడిద తగలనిచోట, పచ్చటి జిగురు మిగిలి ఉంది. మురికి తినే ఈ పాకుడు రాక్షసి పిల్లలని అత్తకు చెప్పింది. దాన్ని పై మెట్టున పెట్టి, ఇద్దరూ పక్కనే కూర్చున్నారు. మరుసటి శుక్రవారం చీపుళ్లతో వచ్చిన అమ్మలక్కలను బంగారమ్మే తరిమింది.

పాకుడు మెట్టుమెట్టుకూ పాకింది. తుంగ దాటిన నీరు తేటగా వచ్చిన రోజున పారమ్మ కుండను ఆ నీట్లోకి వంచింది. చేప ఒక్క మునక వేసింది. సింహాద్రి లేచి నిలబడ్డాడు.

ఆ వింత చూడవచ్చిన రాజు అక్కడికక్కడే పారమ్మకు ఆ రాజ్యపు నీళ్లన్నిటి మీదా పెత్తనమిచ్చి, పెళ్లికి ముహూర్తం పెట్టించాడు. సంతోషం పట్టలేక పెళ్లికొడుకు మెట్లెక్కి పరుగెత్తబోయాడు.

"మెల్లగారా!" అని గదిమింది తల్లి. "పిల్లల్ని తొక్కేవు!"