పోగు కనిపించే ఫోను

ఆ ఇంట్లో ఫోన్లకు ఒక వరస ఉంది. కొత్తది ముందు కొడుకు చేతికి వస్తుంది. రెండేళ్లకు అతనికి దాని మీద మోజు తీరిపోయి ఇంకోటి కొంటే, పాతది కోడలికి, కోడలిది అత్తగారికి. అలా మెట్లు దిగి రఫూ అమ్మ చేతికి వచ్చేసరికి ప్రతి ఫోనుకూ అద్దం మీద ఒక పగులూ, మధ్యాహ్నానికే నీరసించిపోయే బ్యాటరీ ఉండేవి. ఆవిడ ఏనాడూ కిమ్మనలేదు. చిరిగినవాటిని బాగుచేసి బతికే మనిషికి పగిలిన ఫోనొక లెక్కా అని మిగతావాళ్లు సరిపెట్టుకున్నారు.

వీధిలో అందరూ ఆవిడను రఫూ అమ్మ అనే పిలుస్తారు. బట్టకు చిల్లు పడితే అదే బట్ట లోపలి అంచు నుంచి పోగులు లాగి, నేతలో నేతగా కలిపేస్తుంది. చిల్లు ఎక్కడుందో బట్టగలవాడికే తెలియకూడదు, అదీ ఆవిడ పంతం. ముప్పై ఏళ్లుగా తన గది కిటికీ పక్క బల్లే ఆవిడ రాజ్యం.

ఆ శనివారం పొద్దున కాఫీ తాగుతూ కొడుకు శుభవార్త చెప్పాడు. సాయంత్రం కొత్త ఫోను కొంటున్నాడట. నాలుగు కెమెరాలట. ఇప్పటిది నిక్షేపంలా పనిచేస్తున్నా దాని మీద మనసు విరిగిపోయిందట. కాబట్టి వరస ప్రకారం అమ్మకు ఈసారి కోడలి ఫోను దక్కుతుందన్నాడు, వరమిచ్చే దేవుడిలా.

"నాకది వద్దు," అంది రఫూ అమ్మ. "నేనూ కొత్తదే కొనుక్కుంటాను. నా డబ్బుతో."

కొడుకు ముందు నవ్వాడు. తరవాత ఆవిడ నవ్వడం లేదని గమనించి ఆపాడు. మాట్లాడుకోవడానికి ఏ ఫోనైతే ఏమిటని, ఈ వయసులో అంత ఖర్చు దండగని చెప్పుకొచ్చాడు. అసలే ఏడాదిగా అమ్మకు ఫోను పిచ్చి పట్టిందని అతనికి లోపల దిగులు. పని చేసుకునేటప్పుడు కూడా గది తలుపు వేసుకుని ఫోను ముందు పెట్టుకుంటోంది. ఆ మాటా అనేశాడు. కోడలు గ్లాసులు సర్దే వంకతో వంటింట్లోకి తప్పుకుంది గానీ చెవులు ఇక్కడే వదిలి వెళ్లింది.

అప్పుడే రఫూ అమ్మ ఫోను మోగింది. లాయరుగారు. ఆయన నల్లకోట్లు పదేళ్లుగా ఆవిడ దగ్గరికే వస్తాయి. ఆయన మొహమాటపడుతూ, మీరు పని మానేశారటగా, మరి ఇంకెవరైనా తెలిసినవాళ్లుంటే చెప్పండి, అన్నాడు. ఎవరు చెప్పారని ఆవిడ అడిగింది. గురువారం కోటు పట్టుకొస్తే మీ అబ్బాయే గుమ్మంలో చెప్పాడన్నాడు. ఆవిడ మళ్లీ మాట్లాడతానని చెప్పి ఫోను కింద పెట్టింది.

"నేను పని మానేశానా?" అంది కొడుకుతో.

అతను తల తిప్పుకున్నాడు. చివరికి గొణిగాడు. పోయిన నెల అదే లాయరుగారి కోటుకు నల్లపోగు బదులు ముదురునీలం పోగు పడింది. ఎండలో మెరుస్తోందని ఆయన వెనక్కి తెచ్చాడు. ఆయన మర్యాదగానే అన్నాడు గానీ, కొడుక్కి తల కొట్టేసినట్టయింది.

"నిన్ను ఎవరైనా వేలెత్తి చూపిస్తే నేను పడలేనమ్మా. కళ్లు కనిపించడం లేదని ఒప్పుకుని హాయిగా కూర్చోవచ్చుగా."

"మాట పడింది నేను. విప్పి మళ్లీ చేసిచ్చిందీ నేనే. మధ్యలో నీకు ఈ పెత్తనం ఎవరిచ్చారు?" ఆవిడ గొంతు పెరగలేదు, అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. "అవును, కనిపించడం లేదు. కళ్లజోడు మూడుసార్లు మార్చారు. ఇంక ఇంతేనన్నాడు డాక్టరు. అయితే నా చేతులు కూడా పోయాయా?"

ఆవిడ లేచి తన గదిలోకి నడిచింది. రా, చూడు, అంది. బల్ల మీద రెండు పాత బిస్కెట్ డబ్బాలు, వాటి మధ్య వంతెనలా ఆనించే ఫోను. కెమెరా కిందకి, బట్ట మీదికి. తెర మీద నేత పెద్దదై కనబడుతుంది. ఫోను కింద సూది ఆడిస్తూ, తెర మీద చూస్తూ ఏడాదిగా ఆవిడ ఇలాగే కుడుతోంది. కానీ ఈ మూడోచేతి ఫోను కెమెరాకు పొర కమ్మింది. దాంట్లో నలుపూ ముదురునీలమూ ఒకటే.

తాను ఫోను పిచ్చి అనుకున్నది ఇదా అని కొడుక్కి సిగ్గేసింది. ఎందుకు చెప్పలేదమ్మా అన్నాడు. చెబితే మానెయ్యమంటావు, చెప్పకుండానే మాన్పించావుగా అంది ఆవిడ. అతను ఆ దెబ్బ దాచుకోలేకపోయాడు. అయినా ఆవిడ కరగలేదు. సంచిలో ఒక నల్ల కోటుగుడ్డ ముక్క, రెండు దారపు ఉండలు వేసుకుని చెప్పులు తొడుక్కుంది. వచ్చేదుంటే రమ్మంది.

ఫోన్ల దుకాణంలో అమ్మే అమ్మాయి వేగంగా ఏవేవో అంకెలు అప్పజెప్పింది. రఫూ అమ్మ ఓపికగా విని, గుడ్డముక్కను గాజుబల్ల మీద పరిచింది. పక్కపక్కనే నల్లపోగు ఒకటి, నీలంపోగు ఒకటి పెట్టింది. ఒక్కో ఫోనూ తెప్పించి, జానెడు ఎత్తున పట్టుకుని తెరలోకి చూసింది. అన్నిటికన్నా ఖరీదైన ఫోనులో, కొడుకు మనసుపడ్డ ఆ నాలుగు కెమెరాలదాంట్లో, దగ్గరికి తెచ్చేసరికి నేత అంతా అలికేసినట్టయింది. వద్దంది. చవకది ఇంకా అన్యాయం. కొనేవాళ్లు కూడా ఆగి చూడసాగారు. కొడుక్కి ఇబ్బందిగా అనిపించి, తరవాత ఆ ఇబ్బంది మీదే కోపమొచ్చి, తనే చెయ్యి చాచి మరో ఫోను అడిగాడు. అలా ఏడో ఫోను దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది.

"ఇదిగో, చూడు. ఒక్కో పోగూ విడిగా ఉంది. ఇది నలుపు, ఇది నీలం."

అతను వంగి చూశాడు. తన కళ్లతో నేరుగా బట్టను చూస్తే, ఏది నలుపో ఏది నీలమో అతనికీ తెలియలేదు. ఇన్నాళ్లూ అమ్మ చేస్తున్నది ఎంత సన్నపు పనో ఆ క్షణాన తెలిసింది. కళ్లు నిండాయి. డబ్బు తాను కడతానని జేబులో చెయ్యి పెట్టాడు. ఆవిడ ఆ చేతిని మెల్లగా పక్కకు నెట్టి తనే కట్టింది. అక్కడే సిమ్ము వేయించి, లాయరుగారి నంబరు నొక్కి ఫోను కొడుకు చేతిలో పెట్టింది.

"నువ్వు వేసిన ముడి, నువ్వే విప్పు."

లాయరుగారు ఎత్తగానే అతను చెప్పేశాడు. "సార్, అమ్మ పని మానలేదండీ. నేనే ఆవిణ్ణి అడక్కుండా అబద్ధం చెప్పాను. మీ కోటు తీసుకురండి."

ఇద్దరూ బయటికొచ్చి రోడ్డు దాటారు. తన నాలుగు కెమెరాల సంగతి అతను మరిచేపోయాడు. నువ్వు పడే కష్టం చూడలేకే అలా చేశానని చివరికి అన్నాడు. చెంపలు తడిగా ఉన్నాయి.

"చూడలేకపోతే నువ్వు కళ్లు మూసుకో, నా బల్ల మాత్రం మూసెయ్యకు," అంది ఆవిడ. కొంగుతో అతని ముఖం తుడిచింది. "దీంట్లో కూడా పోగు కనిపించని రోజు వస్తుందిరా. నాకు తెలీదనుకోకు. ఆ రోజు మానేస్తున్నానని నేనే చెబుతాను. ముందు నీకే చెబుతాను. అప్పటిదాకా ఎవరడిగినా, అమ్మ లోపల పనిలో ఉందని చెప్పు."