లోపలి గడియ

మస్కట్‌లో ఆసుపత్రి డ్యూటీకి బయల్దేరేముందు గ్లోరీ రోజూ చీపురుపల్లికి ఫోన్ చేస్తుంది. అప్పటికి అక్కడ పొద్దు వాలుతూ ఉంటుంది. తమ్ముడు బెన్హర్ రాజాంలో కొట్టు కట్టేసి వచ్చేదాకా ఆమె పిల్లలిద్దరూ ఇంట్లో ఒంటరిగా ఉంటారు. అందుకే ఒక నియమం పెట్టింది. వీధి తలుపు గడియ వెయ్యాలి, ఆ చప్పుడు తనకు ఫోన్లో వినిపించాలి. గడియ టక్కున పడితేగాని ఆమె మనసు కుదుటపడదు.

ఆ చప్పుడు ఉత్తుత్తిదని ఆదివారం తెలిసింది. చిన్నవాడు రాబర్ట్ నోరు జారాడు.

పిల్లల తాత జ్ఞానానందం బతికున్నన్నాళ్లూ రేడియోలో డిటెక్టివ్ నాటకాలకు చప్పుళ్లు చేసేవాడు. చెక్క చట్రంలో మూరెడు తలుపు, దానికో ఇనుప గడియ. హంతకుడు చెప్పులీడ్చుకుంటూ వచ్చినా, కిర్రుమని తలుపు తెరిచినా, లోపల గడియ పెట్టుకున్నా అన్నీ ఆయన చేతులే.

"గడియ పడ్డాకే ఇనేవోడికి ఒణుకు పుడతాది," అనేవాడు. "ఆడు లోపలే ఉన్నాడని అప్పుడే తెలస్తాది."

లేచి వీధి తలుపుదాకా వెళ్లడానికి బద్ధకించి, పెద్దది కృపారాణి ఇన్నాళ్లూ తాత పోయాక ఇంట్లో మిగిలిన ఆ బుల్లి తలుపు గడియే ఫోన్ దగ్గర ఆడించింది. అసలు తలుపు బార్లా తెరిచే ఉండేది.

గ్లోరీకి ఒళ్లు మండిపోయింది. కూతుర్ని కడిగేసింది. తమ్ముణ్ణి ఇంకా ఎక్కువ.

"ఒరే, దాన్ని పొయ్యిలో పెట్టరా. నాన్న గురుతంట. నా పిల్లలకన్నా ఎక్కువేటి?"

నాన్న ప్రాణం దాని మీదే ఉండేదని బెన్హర్ గొణిగాడు. అయినా కాల్చేశాడు. బూడిదలో నల్లబడిన గడియను ఫొటో తీసి పంపాడు.

మర్నాడు ఫోన్ చేసేసరికి కూడా ఆమె కోపం చల్లారలేదు. అక్కడ వాన. కరెంటు పోయిందట. చూరు నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. గడియ వెయ్యమంది, ఈసారి అసలు తలుపుకి.

చెప్పులు... ఈడ్చి, ఈడ్చి. కిర్రుమని తలుపు. టక్కున గడియ.

"ఆఁ, అలా సెప్పినమాట ఇనాల," అంది కసిగానే. "ఇంట్లో చెప్పులేటే?"

అవతల వాన చప్పుడు మధ్య కృప గుసగుస.

"అమ్మా... నేనింకా లోపలి గదిలోంచి లెగనేదు. తమ్ముడు నా ఒళ్లోనే ఉన్నాడు."

"మావయ్యొచ్చాడేమో సూడు."

"మావయ్య బయటున్నాడు. తలుపు కొడతన్నాడు... తియ్యమంటన్నాడు." కృప గొంతు మరీ సన్నబడింది. "కాలిన కర్ర వాసనొస్తన్నాదమ్మా."

చెప్పులు మళ్లీ కదిలాయి. వీధి వైపు కాదు. మైకు దగ్గరికి మనిషి నడిచొస్తున్నట్టు... పెద్దగా... ఇంకా పెద్దగా.

భయం కన్నా ముందు గ్లోరీకి కోపమే వచ్చింది.

"నాన్నా," అంది పళ్లు బిగించి. "వాళ్లు నా పిల్లలు."

చెప్పులు ఆగాయి.

అప్పుడు ఫోన్‌కి ఆనించినట్టు, సరిగ్గా ఆమె చెవిలో, టక్కున ఇంకో గడియ పడింది.

పిల్లలున్న ఆ గదికి తలుపే లేదు.