పదిలో ఆరు నొప్పి

“కదలొద్దన్నానా!”

బోర్లా పడుకున్న మనిషి బిగుసుకుపోయాడు. మంచానికి తల దగ్గరున్న గుండ్రటి కంతలోంచి అతనికి కనిపిస్తున్నవి రెండే: నేల, ఆ నేల మీద ఆకుపచ్చ లేసుల బూట్లు. కసిరింది ఆ బూట్లే.

“కదల్లేదండీ, మీ నేల చూస్తున్నాను. ఈ మూల టైలు రెండు మిల్లీమీటర్లు పైకి లేచింది.”

“ముందు మీ నడుం సంగతి తేలనివ్వండి. మా నేల సంగతి తర్వాత చూద్దాం.”

టైల్స్ పరిచే అతణ్ణి పనిచోట అందరూ ‘మిల్లీమీటర్’ అంటారు. పదేళ్లు వంగి పనిచేసిన నడుము ఏడాదిగా మొరాయిస్తోంది. వెన్నులో డిస్కు జారి నరాన్ని నొక్కుతోందట. నొప్పి నడుములో పుట్టి ఎడమ మడమదాకా కరెంటులా పాకుతుంది. మాత్రలయ్యాయి, బెల్టయింది, వ్యాయామాలయ్యాయి. చివరికి వెన్నులో స్టిరాయిడ్ ఇంజెక్షన్ దాకా వచ్చింది వ్యవహారం.

డాక్టరుగారు ఎక్స్-రే తెర చూస్తూ సూది దించుతుంటే ఒక చెయ్యి వచ్చి అతని భుజం మీద నిలిచింది. ముందే రుద్ది వెచ్చచేసుకున్న చెయ్యిలా ఉంది. సగం భయం అక్కడే దిగిపోయింది.

లేచి చూస్తే మాస్కు పైన రెండు కళ్లు. నవ్వుతున్నాయో తిడుతున్నాయో అతను తేల్చుకునేలోపే నర్సమ్మ కాగితం చేతిలో పెట్టింది.

“రెండు వారాలపాటు రోజు విడిచి రోజు నాలుగింటికి ఫోన్ చేస్తాను. సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంతో చెప్పాలి. మందు పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది. కంగారు పడకండి.”

“అలాగే సి...” ఆ కళ్లను చూస్తూ సిస్టర్ అనడానికి నోరు రాలేదు. “అలాగేనండి.”

మొదటి ఫోనుకు ఎనిమిదన్నాడు, రెండోదానికి ఏడు. రెండూ నిజాలే. ఐదో రోజు పొద్దున్నే మంచం దిగి, వంగి చెప్పులు తొడుక్కుని, గుమ్మం దాకా నడిచాక గానీ నొప్పి మాట గుర్తుకు రాలేదు.

“ఎలా ఉందిరా?” వంటింట్లోంచి అక్క పరుగెత్తుకొచ్చింది.

“పదిలో రెండక్కా!”

ఏడాదిగా వాడి చెప్పులు తానే కాళ్ల దగ్గర పెడుతున్న అక్క, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

నాలుగింటికి ఫోన్ మోగింది. “ఇవాళ ఎంతండీ?”

“చెప్తాను గానీ, తగ్గితే ఏం చేస్తారు?”

“మూడు లోపుకి దిగితే ఫైలు మూసేస్తాం. మీకు నా పోరు వదులుతుంది.”

మిల్లీమీటర్ గొంతు సవరించుకున్నాడు. “ఆరండీ.”

“అయ్యో! ఎప్పుడు ఎక్కువగా ఉంటోంది? కూర్చున్నప్పుడా, నడిచినప్పుడా?”

“ఫోన్ పెట్టేశాక.”

అవతల నవ్వు ఆపుకున్న చప్పుడు.

ఆ తర్వాత ఫోన్ రోజూ వచ్చింది. అటునుంచి “ఎంత?”, ఇటునుంచి “ఆరు”. రెండు మాటల్లో పని అయిపోయేది. ఇక అరగంట లోకాభిరామాయణం. ఆమెకు వానంటే ప్రాణం, గొడుగంటే మతిమరుపు.

“ఆరేమిట్రా ఆరు? పొద్దున నీళ్ల బకెట్టు ఎత్తబోతే నేనే లాక్కున్నాను” అంది అక్క.

“ఏడనలేదు, సంతోషించు!”

పదకొండో రోజు ఆమె గొంతు డీలాపడి ఉంది.

“అందరికీ తగ్గిందండీ, మీకే తగ్గలేదు. మిమ్మల్ని సరిగ్గా పడుకోబెట్టానో లేదో. తప్పు నాదేనేమో. రేపు డాక్టరుగారితో మాట్లాడాలి. రెండో ఇంజెక్షనో, ఆపరేషనో...”

ఫోన్ పెట్టేసింది. ఆపరేషన్ మాట అతని చెవికెక్కనే లేదు. ‘తప్పు నాదేనేమో’ అన్నది మాత్రం ముల్లులా దిగింది. నిజం చెబితే ఆ గొంతు ఇక వినపడదు. చెప్పకపోతే, తనది కాని తప్పును ఆ పిల్ల మోస్తుంది.

మర్నాడు వానలో తడుస్తూ ఆసుపత్రికి వెళ్లాడు. ఆమె బల్ల దగ్గర మాస్కు లేకుండా కూర్చుని ఉంది. మొహమంతా చూడటం అదే మొదలు. తెచ్చుకున్న మాటలన్నీ తడిసిపోయాయి.

“మీ తప్పేం లేదండీ. ఐదో రోజుకే రెండుకి దిగింది. నేనే అబద్ధమాడాను.”

“ఎందుకు?”

“నిజం చెబితే మీరు ఫోన్ చెయ్యరుగా.”

ఆమె ఫైలు తీసి అతని ముందుకు తోసింది. ఐదో రోజుకు ఎదురుగా ‘రెండు’ అని ఉంది. దాని కింద ‘ముగిసింది’ అని సంతకం.

“ఎవరు చెప్పారు మీకు?”

“మీ అక్కగారు. మీ ‘ఫోన్ పెట్టేశాక’ వినగానే అనుమానం వచ్చి, ఫైల్లో ఉన్న ఆవిడ నంబరుకు చేశాను. అంకె తప్పితే వైద్యం తప్పుతుంది. దాంతో ఆటలేమిటండీ?”

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటే ఇదే కాబోలు అనుకున్నాడు. “మరి నిన్నటి ఏడుపు గొంతు?”

“ఏడిపించడం మీకొక్కరికే వచ్చా? నిజం మీ నోట ఎప్పుడొస్తుందో చూద్దామని!”

సిగ్గుతో రెండడుగులు వెనక్కి వేసినవాడు టక్కున ఆగాడు. “ఒక్క నిమిషం. ఐదో రోజే ఫైలు మూసేస్తే, తర్వాతి ఫోన్లన్నీ ఎందుకు చేశారు?”

ఆమె కలం మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది.

“మా అమ్మా అదే అడుగుతోంది. సెలవురోజు కూడా నాలుగు కొట్టేసరికి ఎవరికే ఆ ఫోన్ అని. ఆదివారం మీరూ మీ అక్కగారూ ఇంటికి రావాలట.”

“నేనెవరని చెప్పారు?”

“పేషెంటని.”

“నమ్మారా?”

“నన్ను కన్నతల్లండీ ఆవిడ!”