కవచంలో కనబడ్డ మొహం

"మీరు బాగుచేసిన ఫోను నన్ను దొంగలా చూపిస్తోంది," అంటూ ఆమె కౌంటరు మీద ఫోను పెట్టింది.

ఫోన్లు రిపేరు చేసే కుర్రాడు తెర వైపు చూశాడు. సేనాధిపతి వేషంలో ఆమే. తలపాగా సగం కనబడటం లేదు. మొహమంతా ముక్కే ఉంది. వెనక తలుపు కొక్కేనికి తువ్వాలు వేలాడుతోంది.

"ఫోను తప్పేం లేదండీ. చెయ్యి చాపి ముందు కెమెరాతో తీసుకుంటే ఎవరి ముక్కైనా ఇంతే."

"అంటే నా ముక్కు బాలేదంటారు."

"నేనెక్కడన్నాను? అన్నది మీరే."

అతని షాపు పై అంతస్తులో నాటకాల దుస్తులు అద్దెకిస్తారు. అది ఆమె పిన్నిది. ఆమె అక్కడ కుట్టుపని చేస్తుంది. ఆ సేనాధిపతి వేషం మాత్రం తన సొంతం. పాత చీరల అంచులతో అంగీ కుట్టింది. స్టీలు రేకు వంచి, మెరిసేదాకా రుద్ది కవచం చేసింది.

ఒక పెద్ద నాటక కంపెనీ దుస్తులు కుట్టడానికి మనిషిని తీసుకుంటోంది. తాము కుట్టిన వేషం తామే వేసుకుని, ఫోనుతో మూడు ఫొటోలు తీసి పంపాలి. ఎవరి ఫొటో వాళ్ళే తీసుకోవాలన్నది షరతు. ఫొటోగ్రాఫరు పనితనంతో వాళ్ళకి పని లేదు. సూది పట్టిన నాటి నుంచీ ఆమె కోరుకున్న ఉద్యోగం అది.

మర్నాడు మధ్యాహ్నం అతను షాపుకి తాళం వేసి, స్టాండూ తన ఫోనూ పట్టుకుని మేడెక్కాడు.

"ముందు లెన్సు తుడవాలి. ట్యూబులైటు ఆపేసి కిటికీ పక్కన నిలబడు. ఫోను నడుము ఎత్తులో పెడితే పొడుగ్గా కనిపిస్తావు. వెనక కెమెరా వాడు, టైమరు పెట్టుకో."

"అబ్బో, అప్పుడే 'నువ్వు'లోకి దిగారే!"

"పాఠం చెప్పేవాడు 'మీరు' అంటాడా?"

"సరే గురువుగారూ. ఇక బయటికి నడువు."

అతను తలుపు అవతల నిలబడ్డాడు. లోపల టైమరు చప్పుడు, ఆమె పరుగు, కవచం గలగల, ఆ వెంటనే ఒక తిట్టు.

"మళ్ళీ కళ్ళు మూశాను!"

"కెమెరాని చూస్తే అంతే. పక్కన ఎవరో నిలబడ్డారనుకుని చూడు."

"ఎవరు?"

"ఎవరో ఒకరు. నాకేం తెలుసు?"

లోపల నవ్వు వినిపించింది. వారం పాటు ఇదే వరస. అతని బేరాలు పక్క వీధికి పోయాయి. పోతే పోనీ అనుకున్నాడు.

గడువు రోజుకి రెండు ఫొటోలు కుదిరాయి. మూడోదాంట్లో ఆమె కళ్ళు సగం మూతపడ్డాయి. కిటికీలో వెలుతురు తగ్గుతోంది.

"ఒక్కటి నేను తీస్తా," అంటూ అతను లోపలికొచ్చాడు.

"వద్దు. షరతు తెలుసుగా."

"పంపడానికి కాదులే. ఊరికే." అంటూనే నొక్కాడు.

అది బాగా వచ్చింది. ఆమె నవ్వబోయి ఆపుకున్న క్షణం దొరికింది.

"కళ్ళు మూసినదే పంపు. కుట్టు కనిపిస్తే చాలు," అంది ఆమె. అతను సరేనన్నాడు. కిందికి దిగాక మాత్రం దాని బదులు తాను తీసినది పెట్టి పంపాడు. ఆమెకు మేలు చేస్తున్నానే అనుకున్నాడు.

కంపెనీ వాళ్ళు ఆమెకే ఫోను చేశారు. ఆమె కిందికి వచ్చింది.

"నా కుట్టు నచ్చిందట. మొదటి పేరు నాదేనట."

అతను ఎగిరి లేచాడు. "చెప్పానా!"

"కూర్చోండి. ఆ పేరు కొట్టేశారు."

'నువ్వు' పోయి మళ్ళీ 'మీరు' వచ్చిందని ఆ 'కూర్చోండి'తోనే అతనికి తెలిసింది.

"మూడో ఫొటోలో, కవచం మీద, ఫోను పట్టుకున్న మగమనిషి ఉన్నాడట. నేను పంపింది అది కాదన్నాను. అబద్ధాలు కూడా ఆడతావా అన్నారు."

అతను ఫోను తీసి ఫొటో పెద్దది చేశాడు. పగిలిన గాజులో వెంట్రుకంత గీతనైనా పట్టే మనిషి, ఇన్ని రోజులూ ఆమె మొహం దగ్గరే ఆగిపోయాడు. కవచం వైపు చూడనే లేదు. వంగిన రేకులో సాగిపోయి, తన మొహమే.

"నేను వెళ్ళి చెబుతా. తప్పు నాదని."

"ఇంకొకరిని తీసేసుకున్నారు."

"నీకు మంచి జరగాలని..."

"ఏది మంచో నన్ను అడగాలి. నేను వద్దన్నాను. మీరు సరేనన్నారు."

అతను తల దించుకున్నాడు. "నీకు చెప్పకుండా దాచింది ఇంకోటి కూడా ఉంది," అన్నాడు.

"తెలుస్తూనే ఉంది." ఆమె వేలు ఫొటోలోని కవచం మీద ఆగింది. "ఫొటో తీసేవాడు తెరని చూస్తాడు. ఇందులో నువ్వు నన్ను చూస్తున్నావు."

"డిలీట్ చేసేస్తాను."

"చెయ్యకు. నాకు పంపు."

పంపాడు. ఆమె ఫోను మోగింది. ఆమె చూడలేదు.

"రేపు పైకి రానా?"

"వద్దు. కోపం తగ్గాక నేనే పిలుస్తాను."

"తగ్గుతుందా?"

"తగ్గుతుంది." ఆమె మెట్లెక్కుతూ ఆగింది. "ఆ ఉద్యోగం గుర్తొచ్చినప్పుడల్లా మళ్ళీ వస్తుంది. పడగలవో లేదో ఆలోచించుకో."

పడతానని అతను నోరు తెరిచేలోపు పైన తలుపు పడింది. వెనకే పరుగెత్తి చెప్పాలనిపించింది. ఒక మెట్టెక్కాడు. ఆమె రావద్దన్నది. కాలు వెనక్కి తీసుకున్నాడు.