గీరొద్దన్న పుండు

పొద్దున్నే ఆ ఇంట్లో టిఫిన్ కంటే ముందు స్టవ్ ఎక్కేది పట్టకారు, కత్తెర మరిగే గిన్నె. ఆ పని నర్సమ్మది. ఇంట్లోవాళ్లకీ ఆవిడ నర్సమ్మే. ఇరవై ఏళ్లు సర్జరీ వార్డులో చేసి, వార్డు మూసేశాక పుట్టింటికి చేరింది. అమ్మ కాలిమీద పుండు ఆవిడకు పరువు సమస్య అయి కూర్చుంది. మూడు నెలలుగా రోజూ అంచులు గీరి, కడిగి, కట్టు కడుతోంది. అదేమో అరచేతంత అయింది!

"ఇంకాస్త ఓర్చుకోమ్మా, అయిపోవచ్చింది," అంటూ వంగింది. అమ్మ పళ్లు బిగబట్టి దుప్పటి పిడికిట్లో నలిపేస్తోంది.

"వదినా, ఆపండి!"

గుమ్మంలో తమ్ముడి భార్య. చేతిలో మాత్రల సీసా. "గీరొద్దని చర్మం డాక్టరు చెప్పారుగా! పైగా పది రోజుల్నుంచీ ఇందులో ఒక్క మాత్ర కూడా తగ్గలేదు."

"నేనే మాన్పించాను. ఒంట్లో రోగనిరోధక శక్తిని తగ్గించే మందట! ఇంత పుండున్న మనిషికి ఎవరైనా ఇస్తారా? పొద్దస్తమానం మిషను కుట్టుకునేదానివి, నాకు చెప్పొచ్చావా?"

మరదలి ముఖం ఎర్రబడింది. "నాకు తెలీదనే ఆ డాక్టరుగారికే ఫోన్ చేశాను, లైన్లో ఉన్నారు. వినండి."

ఫోన్‌లో డాక్టరు గొంతు కటువుగా ఉంది. "అది క్రిములవల్ల వచ్చిన పుండు కాదమ్మా, పరీక్షల్లో తేలింది. ఆవిడ ఒంటి రక్షణశక్తే దారి తప్పి సొంత చర్మం మీద పడింది. గీరినకొద్దీ రెచ్చిపోతుంది. లోపలికి మాత్రలు, పైన లేపనం, రెండూ కలిస్తేనే లొంగుతుంది. ఇన్ఫెక్షన్ రాకుండా రక్తపరీక్షలతో మేం కనిపెట్టి ఉంటాం. ఇలాగే సాగితే కాలు దక్కదు. ఇవాళే తీసుకురండి."

నర్సమ్మ పట్టకారు గిన్నెలో పడేసింది. మూడు నెలలు! తన చేత్తోనే! అయ్యో, పరాయి రోగికైనా ఇలా చేసిందా ఎప్పుడైనా?

"అమ్మా, నొప్పి ఎక్కువవుతోందని ఒక్కసారైనా అనొచ్చుగా?"

అమ్మ తలొంచుకుంది. "నువ్వు గీరినప్పుడల్లా పెరుగుతూనే ఉందే. నాకు తెలుస్తూనే ఉంది. కానీ ఉద్యోగం పోయాక గది తలుపేసుకుని పడున్నదానివి, ఈ కట్టు కోసమేగా లేచి తిరుగుతున్నావు. ఎలా వద్దనను?"

నర్సమ్మ అమ్మ చేతుల్లో ముఖం దాచుకుని బోరుమంది. చాలాసేపటికి తేరుకుని, పక్కకు జరిగి మరదలికి చోటిచ్చింది.

"లేపనం నువ్వు రాయమ్మా. నేను చూసి నేర్చుకుంటాను."