వేసవికి రెండు గంటలు

ఐరీన్ సవ్‌చుక్ తలుపు తట్టేసరికి వాల్టర్ బోయ్‌చుక్ అప్పుడే ఫోను పెట్టేశాడు. ప్రతి మంగళవారం ఉదయం తొమ్మిదింటికి టొరంటోలో ఉన్న మరదలితో నాలుగు మాటలు మాట్లాడడం అతని అలవాటు. అప్పటికి అక్కడ పదకొండవుతుంది, ఆవిడ టీ కప్పు పట్టుకుని కూర్చునే వేళ. చనిపోయిన భార్య లీడియాకి ఈ లెక్క ఎప్పుడూ తప్పేది. ఒకసారి చెల్లెల్ని భోజనం మధ్యలో లేపి తిట్లు తిన్నాక, ఫ్రిజ్ మీద ఒక చీటీ అంటించింది: "వేసవికి రెండు, చలికాలానికి ఒకటి." లీడియా పోయి నాలుగేళ్ళయినా వాల్టర్ దాన్ని పీకలేదు.

ఆఫీసు ఫోనులో సొంత కబుర్లేమిటని ఇడా ఫ్రీసెన్ ఏనాడూ అనలేదు. లీడియా పోయిన ఏడాది, కాలేజీలో రికార్డుల ఉద్యోగం నుంచి దిగిపోయి గోడలు చూస్తూ కూర్చున్న వాల్టర్‌ని ఆవిడే వెతుక్కుంటూ వచ్చింది. "నాకు కారు నడిపే మనిషొకరు, చక్కగా రాసే మనిషొకరు కావాలి. ఇద్దర్ని పెట్టుకునే తాహతు లేదు. మీరొక్కరే వచ్చెయ్యండి," అంది. సాస్కటూన్ ఊళ్ళో ప్రైవేటు డిటెక్టివ్‌గా ఆవిడ పేరు తెలియనివాళ్ళు తక్కువ. ఆ రోజు ఆవిడ తన గుమ్మంలో నిలబడి బూట్ల మంచు దులుపుకోవడం వాల్టర్‌కి ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది.

ఐరీన్ లోపలికొచ్చి కుర్చీ అంచున కూర్చుంది. అరవై నాలుగేళ్ళ మనిషి. చేతిలో గుడ్డ కప్పిన పళ్ళెం.

"పుల్లటి రూబార్బ్ కాడలతో 'పై' అనే తీపి వంటకం చేసి తెచ్చానండి. ఉత్త చేతుల్తో రావడం నాకు చేతకాదు," అని కళ్ళు తుడుచుకోవడానికి సంచీలోంచి రుమాలు లాగింది. దాంతోపాటు రెండు కాగితాలు కిందపడ్డాయి. వాల్టర్ వంగి తీశాడు. ఒకటి ఆ వంటకం చేసే పద్ధతి. రెండోది గురువారం తేదీతో, మీడో క్రీక్ అనే పల్లె పేరుతో ఉన్న పోస్టాఫీసు రసీదు. రెండూ ఆవిడ చేతికిచ్చాడు.

"చెప్పండమ్మా," అంది ఇడా.

"నేను క్రేన్స్ ఐస్ హాకీ జట్టు ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళుగా పనిచేస్తున్నానండి. రేపు పదింటికి బోర్డు మీటింగు. నన్ను తీసేస్తారు. వచ్చే ఏడు ఎలాగూ దిగిపోయేదాన్నే. కానీ ఇలాగా? మతిమరుపు ముసలిదని పేరు మోసుకునా?"

జరిగింది ఇదీ. మంచు మీద ఆట ముగిసిన తర్వాత, ఎండాకాలంలోనే జట్టు ఆఫీసుకి అసలు పని. ఎవర్ని ఉంచుకోవాలి, ఎవర్ని వదులుకోవాలి, జీతాల పరిమితిలో ఎవరు ఇముడుతారు, అన్నీ అప్పుడే తేలతాయి. ఒప్పందం ముగిసిన కుర్రాళ్ళలో జట్టు వదులుకోదలచనివాళ్ళ పేరున కొత్త ఒప్పందపు ప్రతిపాదన కాగితం పంపాలి. అది గడువులోగా టొరంటోలో ఈ జట్లన్నిటినీ నడిపే లీగు ఆఫీసుకి చేరితే కుర్రాడి మీద హక్కు జట్టుదే. చేరకపోతే అతను స్వేచ్ఛాజీవి. జూలై ఒకటిన ఎవరైనా ఎగరేసుకుపోవచ్చు.

"నిన్న సోమవారమే గడువు. టొరంటోలో సాయంత్రం అయిదు, అంటే మనకి మూడు. ఒంటిగంటకే అయిదు కాగితాలూ నీలం ఫైల్లో పెట్టుకుని ఫ్యాక్స్ మిషన్లో ఒక్కొక్కటే పంపుతున్నా. రెండు వెళ్ళాయి. ఇంతలో ముందుగదిలో ఫోను మోగింది. వెళ్ళి ఎత్తితే అవతల ఉలుకూ పలుకూ లేదు. తిరిగొచ్చి ఫైల్లో మిగిలినవి పంపేశా. అన్నీ వెళ్ళాయనే అనుకున్నా. నాలుగున్నరకి లీగు జాబితా వచ్చింది. అందులో మైకా ఓలెక్సిన్ పేరు లేదు."

"గోల్‌కీపరు మైకాయేనా?" అన్నాడు వాల్టర్ ఆపుకోలేక.

"వాడేనండి. అందరూ నా గదిలో వెతికారు. వాడి కాగితం నా బల్ల కింది సొరుగులో దొరికింది." ఆవిడ రుమాలు మడిచి సంచీలో పెట్టుకుంది. "కానీ మూడూ ఇరవైకి అదే సొరుగులోంచి నా చెప్పులు తీసుకున్నానండి. అప్పుడందులో కాగితమన్నది లేదు. చెబితే నమ్మేదెవరు?"

"నేను," అంది ఇడా. "వాల్టర్, ఈ వంటకానికి మూడు పళ్ళేలు తెండి. తినేసి వెళదాం."

* * *

జట్టు ఆఫీసులో ఒక గోడ నిండా ఆటగాళ్ళ పేర్ల బిళ్ళలున్నాయి. మైకా పేరు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. మేనేజరు మార్గరెట్ ప్రూడెన్ మాట్లాడుతున్నంతసేపూ చూపు అటే పోతోంది.

"ఐరీన్‌కి చాదస్తం తప్ప మరపు లేదు," అంది. "ఒక్కో ప్రతిపాదనకీ నాచేత రెండేసి ప్రతుల మీద సంతకాలు పెట్టిస్తుంది. రెండో ప్రతి ఎందుకమ్మా అంటే, ఉండనివ్వండి అంటుంది. నిన్న మూడు నుంచి నాలుగున్నర దాకా నేను ఫోన్లో బోర్డువాళ్ళతో ఉన్నాను. అయిదుగురు విన్నారు. రేపు ఐరీన్ కాకపోతే నేను వెళ్ళాలి. మీకు దాపరికమెందుకు, నేను వెళ్ళడమే న్యాయమేమో అనిపిస్తోంది."

కోచ్ విన్స్ దుఫోర్‌ని ఇడా నడవాలో పట్టుకుంది.

"మీరు మైకాని అందరి ముందూ తిట్టేవారట."

"తిట్టేవాణ్ణేంటి, ఇప్పుడూ తిడతాను! అది నా ఉద్యోగం. మా అమ్మ కూడా నన్ను రోజూ తిట్టేది. అలాగని పక్కింటివాళ్ళకి ఇచ్చేసిందా?"

"నిన్న మూడు తర్వాత ఎక్కడున్నారు?"

"రెండున్నరకే మా బావమరిదితో చెరువుకి చేపలకి పోయా. ఒక్కటీ పడలేదు. మా బావమరిదికి నాలుగు పడ్డాయి. ఈ మాట మాత్రం రాయకండి," అన్నాడు వాల్టర్ పుస్తకం వైపు చూసి.

మిగిలినవాడు ఒప్పందాల సలహాదారు గ్రెగ్ హాలోరన్. తూర్పు తీరం మనిషి. డిసెంబరులో ఉద్యోగంలో చేరి, ఫిబ్రవరిలో ఆటగాళ్ళని చూడడానికి స్వీడన్, ఫిన్లాండ్ వెళ్ళి, మొన్న ఆదివారమే తిరిగొచ్చాడు. మర్యాదస్తుడు. ఇడాకి తనే కుర్చీ జరిపాడు.

"పాపం, ఐరీన్ గారి మీద నాకేం కోపం లేదండి. వయసు మీద పడితే ఎవరికైనా అంతే."

"మీరావిడకి గుర్తు చేశారని మార్గరెట్ గారు అన్నారు. ఎప్పుడు?"

"మూడున్నరకి. ఆవిడ బల్ల దగ్గరికెళ్ళి, 'ఇంకా అరగంటే ఉంది, అన్నీ వెళ్ళాయా ఐరీన్ గారూ?' అని అడిగాను. ఆవిడ తలూపింది. ఇంకేం చెయ్యగలనండి, చేతిలోంచి లాక్కుని పంపలేను కదా!"

వాల్టర్ ఆ మాటలు ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. రాస్తుంటే ఏదో పంటికింద రాయిలా తగిలింది. ఏమిటో అందలేదు. ఇడా మాత్రం నవ్వి, "నిజమే, మీరేం చెయ్యగలరు," అని లేచింది.

బయటికెళ్ళేముందు ఐరీన్‌ని రెండే ప్రశ్నలడిగింది.

"నిన్న మూడు దాటాక మీతో ఎవరైనా మాట్లాడారా?"

"లేదండి. నాలుగింటికి టీ గిన్నె కడుక్కోడానికి వెళ్ళొచ్చా, అంతే."

"గురువారం మీడో క్రీక్‌కి ఏం పోస్టు చేశారు?"

ఐరీన్ మొహం ఎర్రబడింది. "అదా... మైకా వాళ్ళమ్మ స్టెల్లాకండి. పొలం మనిషి. కాగితం చేత్తో పట్టుకుంటే తప్ప ఆవిడకి నమ్మకం కుదరదు. వాడి మొదటి ఒప్పందం నుంచీ సంతకం పెట్టిన ప్రతి ఒకటి రిజిస్టరు చేసి పంపుతున్నా. ఆఫీసు పని కాదులెండి, స్టాంపుల డబ్బులు నావే."

ఇడా ఆవిడ భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసి, లీగు నియమాల పుస్తకం అరువడిగి చంకలో పెట్టుకుంది.

మధ్యాహ్నం పెరోగీలనే ఆలుగడ్డ కుడుములమ్మే హోటల్లో ఆవిడ ఒక చేత్తో తింటూ, ఒక చేత్తో పేజీలు తిప్పుతూ రెండు గంటలు కూర్చుంది. వాల్టర్ ఎదురుగా తన రాతలు చదువుకుంటున్నాడు. "ఇంకా అరగంటే ఉంది" అన్న దగ్గర కళ్ళు ఆగిపోయాయి. ఇంట్లో ఫ్రిజ్, దాని మీద చీటీ, లీడియా వంకర అక్షరాలు గుర్తొచ్చాయి.

"ఇడా గారూ!" అన్నాడు, చెంచా కింద పడేసి.

"వచ్చిందా?" అంది ఆవిడ తలెత్తకుండానే. "రేపు మీరే చెప్పాలి. ఆ ముక్క మీది."

* * *

బుధవారం తొమ్మిదింటికి ఆ పేర్ల గోడ ముందు అందరూ కూర్చున్నారు. ఐరీన్ ఒళ్ళో సంచీని రెండు చేతులా పట్టుకుంది.

"దొంగ చేసిన పని చిన్నదే," అంది ఇడా. "ముందుగది ఫోను ఎక్కడినుంచైనా మోగించవచ్చు. ఐరీన్ గారు లేవగానే ఫైల్లోంచి ఒక కాగితం తీసుకున్నాడు. గడువు దాటేదాకా దాచి, ఆవిడ మరిచిపోయినట్టు కనపడేలా ఆవిడ సొరుగులోనే పెట్టాడు. మూడూ ఇరవైకి సొరుగులో కాగితం లేదు. నాలుగున్నరకి ఉంది. అప్పుడు కోచ్ గారు చేపలు పట్టలేకపోతున్నారు."

"అది చెప్పొద్దన్నానా?" అన్నాడు కోచ్.

"మార్గరెట్ గారి గొంతు అయిదుగురు వింటున్నారు. అయినా నన్ను ఆలోచనలో పడేసింది అది కాదు. గడువు మూడింటికే దాటింది. మూడూ అయిదుకి మళ్ళీ ఫోను మోగించి కాగితం సొరుగులో పడేస్తే పోయేదానికి, ఆవిడ టీ గిన్నె కడగడానికి వెళ్ళిన నాలుగింటిదాకా దొంగ ఎందుకు ఆగాడు? వాల్టర్, చెప్పండి."

వాల్టర్ గొంతు సవరించుకున్నాడు.

"మా ఆవిడ ఫ్రిజ్ మీద ఒక చీటీ అంటించిందండి. టొరంటో మనకన్నా వేసవికి రెండు గంటలు ముందు, చలికాలానికి ఒకటి. వాళ్ళు మార్చిలో గడియారాన్ని గంట ముందుకి తిప్పుకుంటారు, మనం ఏడాది పొడుగునా ముట్టుకోం. ఈ ఊళ్ళో ఎండాకాలం గడిపినవాళ్ళకి ఇది వేళ్ళ మీద ఉంటుంది. చలికాలంలో వచ్చి చలికాలంలోనే వెళ్ళిపోయినవాళ్ళకి మాత్రం, టొరంటోలో అయిదంటే ఇక్కడ నాలుగే."

హాలోరన్ మొహంలో రంగు మారింది.

"మూడున్నరకి 'ఇంకా అరగంటే ఉంది' అని మీరు ఐరీన్ గారితో అన్నానన్నారు," అంది ఇడా. "ఆవిడ తలూపిందన్నారు. ఐరీన్ గారూ, నిజంగా ఎవరైనా మీతో ఆ మాట అంటే ఏం చేసేవారు?"

"తలూపుతానా!" ఐరీన్ నిటారుగా కూర్చుంది. "గడువు పోయి అరగంటయింది, నిద్రపోతున్నావా నాయనా అని గది దద్దరిల్లేలా అరిచేదాన్ని!"

కోచ్ గట్టిగా నవ్వేశాడు. "అరుస్తుంది. నా మీద ఎన్నిసార్లు అరిచిందో!"

"పొరపాటు ఎవరైనా పడతారు, అది నేరం కాదు," అంది ఇడా. "కానీ ఈ మాట ఎవరూ అనలేదు, ఎవరూ వినలేదు. మంచివాడిలా కనపడడానికి మీరు తర్వాత అల్లుకున్నారు. అల్లినప్పుడు మీ మనసులో గడువు ఇంకా నాలుగే. కాగితం చేతిలో పెట్టుకుని నాలుగు కొట్టేదాకా ఎదురుచూసిన మనిషి కూడా మీరే."

హాలోరన్ కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

"తూర్పున ఒక జట్టు నాకు మేనేజరు కుర్చీ ఇస్తామంది," అన్నాడు హాలోరన్ చివరికి, నేల చూస్తూ. "కుర్రాడు స్వేచ్ఛగా బయటికొస్తేనే అన్నారు. ఐరీన్ గారికి ఎలాగూ ఒక్క ఏడాదే మిగిలింది కదా అనుకున్నాను."

"ఆ ఒక్క ఏడాదీ నాదయ్యా," అంది ఐరీన్ మెల్లగా.

మార్గరెట్ లేచి తలుపు తీసి పట్టుకుంది. హాలోరన్ తలొంచుకుని వెళ్ళిపోయాడు. ఆవిడ తిరిగొచ్చి గోడ మీది ఖాళీ చోటు వైపు చూసి నిట్టూర్చింది. "నిజం తెలిసింది, సంతోషం. క్షమించు ఐరీన్. కుర్రాడు మాత్రం పోయినట్టే."

"పోలేదు," అంది ఇడా. నియమాల పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టింది. "నూట పన్నెండో పేజీ. మిషన్లు రాకముందు రాసింది, కొట్టెయ్యడం అందరూ మరిచిపోయారు. సంతకం చేసిన ప్రతిని ఆటగాడి ఇంటికి రిజిస్టరు పోస్టులో పంపితే, పంపిన తేదీయే అందిన తేదీ. నిన్న టొరంటోకి ఫోన్ చేశాను. అక్కడి వకీలు పావుగంట వెతికి, 'అవునండి, ఉంది' అన్నాడు, తనకే నమ్మకం కలగనట్టు. ఐరీన్ గారూ, గురువారం రసీదు ఇలా ఇవ్వండి."

ఐరీన్ ఒళ్ళోని సంచీ తెరిచింది. అందులోంచి రసీదు, దానికి అతుక్కుని ఆ వంట కాగితమూ వచ్చాయి. స్టెల్లా ఓలెక్సిన్‌కి ఫోన్ చేస్తే, కవరు రొట్టెల డబ్బాలో భద్రంగా ఉందని చెప్పింది. "మావాడు వచ్చాక తెరుద్దామని ఉంచానమ్మా. ఏం, ఏదైనా తప్పుందా అందులో?"

"ఏ తప్పూ లేదు స్టెల్లా," అంది ఐరీన్.

మార్గరెట్ సొరుగులోంచి మైకా పేరు బిళ్ళ తీసి ఆవిడ చేతిలో పెట్టింది. "నువ్వే పెట్టు." ఐరీన్ దాన్ని గోడకి నొక్కి, అరచేత్తో కాసేపు అలాగే పట్టుకుంది, ఊడిపోతుందేమోనన్నట్టు. పదింటికి బోర్డువాళ్ళు వచ్చేసరికి ఆవిడ టీ పెడుతోంది.

* * *

వాల్టర్ కారు నడుపుతున్నాడు. వంతెన దాటాక ఇడా, "లీడియా గారిని నేను ఒక్కసారైనా చూడలేదు," అంది.

"మీకు నచ్చేదండి. లెక్కలు మాత్రం వచ్చేవి కావు."

"రాకపోబట్టే కదా రాసిపెట్టింది."

ఆ సాయంత్రం వాల్టర్ ఇంటికెళ్ళి ఫ్రిజ్ ముందు నిలబడ్డాడు. చీటీ ఒక మూల ఎప్పటినుంచో లేచి ఉంది. బయటికి తీసిన పాల సీసా అలాగే వదిలేసి, సొరుగులో వెతికి టేపు ముక్క ఒకటి చింపి, ఆ మూలని బొటనవేలితో జాగ్రత్తగా అంటించాడు. తర్వాత గడియారం చూశాడు. ఆరు. అక్కడ ఎనిమిది. మంగళవారం కాకపోయినా ఫోను అందుకున్నాడు. అక్క ఏం చేసిందో చెల్లెలికి చెప్పాలి.